మందు చేతికొచ్చేలోపల

ఇప్పుడు బాగానే ఉండాను. ముందు ఈ మాట చెప్పేస్తే మీకూ నాకూ నిమ్మళం. నాకు జబ్బుగా ఉండినప్పుడు అట్లాంటి జబ్బు వచ్చినోళ్ళ కత ఎవురన్నా చెప్తే, ‘కడాకు ఏమయింది? చేతులు వచ్చినాయా లేదా?’ అని అది ఒక్కటే అడిగేదాన్ని. నడాన చెప్పేది ఏదీ చెవికెక్కేది కాదు. కాబట్టి చెప్తాండా, వచ్చినాయి. మొత్తంగా కాకపోయినా వచ్చినాయి. ఇంగ నిదానంగా వినండి.

నా పేరు రేణుక. పుట్టింది పుంగనూరు, మెట్టింది మదనపల్లె. మా ఇంటాయన నాగరాజ పట్టుచీరలు నేస్తాడు. నేను అచ్చులు అతుకుతాను. తెలీనోళ్ళకు చెప్పాల. మగ్గం మీద నిలువు పోగులు అయిపోవచ్చినప్పుడు, కొత్త పోగుల్ని పాత పోగుల కొనలకు ఒక్కొక్కటే అతకాల. వేలికి ఇంత బూడిద అద్దుకొని, బొటనవేలికీ చూపుడువేలికీ నడాన రెండు కొనలూ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ముడి లేకుండానే అతుక్కుంటాయి. అట్ల వేలకు వేలు పోగులు. కంటితో చేసే పని కాదది, వేలి కొసతో చేసే పని. మా వీధిలో ఎవరి మగ్గం ఖాళీ అయినా "రేణుకను పిలవండి" అంటారు. నేనూ రవ్వంత టెక్కుగానే పోతా. మా అత్త బతికుండినప్పుడు అనేది, "దీని నోరు మంచిది కాదు గానీ చేతి ఏళ్ళు మంచివి" అని. ఆ మాట నాకు ఇష్టమే.

కార్తీకం

ముందటేడు కార్తీకంలో మొదలయింది. పొద్దన్నే లేస్తే వేళ్ళు ముడుచుకోవు. ముడుచుకుంటే చాపుకోవు. పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకోను రెండు చేతులూ కావాల్సొచ్చేది. పొద్దెక్కేకొద్దీ రవ్వంత సడలేది. చలికి అట్లనే ఉంటాదిలే అనుకున్నా. మా ఆయన మెడికల్ షాపులో మాత్రలు తెచ్చేవాడు. మింగితే తగ్గేది, తెల్లారితే మళ్ళా మొదటికే. చలికాలం పోయింది గానీ నొప్పి పోలేదు. మాఘంలో రెండు మణికట్లూ వాచి గాజులు ఎక్కలేదు.

ఒకనాడు పక్క సందులో మగ్గానికి అతకను పోయినా. మధ్యాన్నందాకా కూర్చొని అతికినా. మగ్గమాయన వచ్చి పోగుల్ని అట్ల మెల్లగా లాగంగానే నేను అతికినవన్నీ జలజలా ఊడిపోయినాయి. "ఫర్వాలేదు లేమ్మా, రేపు సూద్దాం" అన్నాడు. తిట్టింటే బాగుండేది. ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చినా. నాకు చావంటే భయం లేదు గానీ, ఇంకొకరు పెడితే తినే బతుకంటే చచ్చేంత భయం.

శివరాత్రి

కుప్పంలో కీళ్ళకని ఒక మేడం ఉండాదని ఎవరో చెప్తే శివరాత్రి ముందర పోయినా. మదనపల్లెలో తొలిబస్సు ఎక్కినా, పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి ఎండ నెత్తికెక్కేసింది. మా ఆయనకు మగ్గం మీద అర్జెంటు చీర ఉండాది. అందుకని పుంగనూరులో మా అమ్మ మునెమ్మ బస్సెక్కి నాతో వచ్చింది.

ఆస్పత్రిలో బల్ల మీద కూర్చున్నోళ్ళంతా నా మాదిరోళ్ళే. దాహమేసి నీళ్ళ బాటిలు తీస్తే మూత తిరగలేదు. పక్కన రామకుప్పం దిక్కు పెద్దాయన ఒకాయన, "ఇట్ల తేమ్మా" అని తీసుకున్నాడు. ఆయన వల్లా కాలేదు. ఆయన పక్కామెకు ఇచ్చినాడు. ఆమె పళ్ళతో పట్టి చూసింది. అట్ల ఆ బాటిలు బల్ల కొసాకు పోయి, ఆ మూతతోనే మళ్ళా నా చేతికి వచ్చింది. పెద్దాయన నవ్వి, "మా రాగిచేను తొక్కేదానికి ఏనుగులు గూడా ఇంత సేపు తీసుకోలేదమ్మా" అన్నాడు. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వినా. నవ్వతానే ఆ పళ్ళతో పట్టినామె చేతులు చూసినా. వేళ్ళన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉండాయి, గాలికి పడిపోయిన చేను మాదిరి.

"ఎన్నేండ్లయిందక్కా?" అంటే, "మందు లేటుగా మొదలుపెట్టినా లేమ్మా. మా ఇంట్లో నొప్పంటే నమ్మలేదు" అనింది.

నా నవ్వు ఆడనే ఆగిపోయింది. మా అమ్మ లేచిపోయి నర్సమ్మ చేత మూత తీపించుకొని వచ్చింది గానీ, నేను ఆ అక్క వేళ్ళే చూస్తా కూర్చున్నా.

మేడం చిన్న వయసే. నా వేళ్ళు ఒక్కో కణుపూ నొక్కి నొక్కి చూసింది. "కీళ్ళవాతమమ్మా. మన ఒంట్లో కాపలా కాసే శక్తే దారి తప్పి మన కీళ్ళ మీద పడతుంది. మందు ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్ళు అంత బాగా నిలబడతాయి" అనింది.

"అయితే ఇప్పుడే ఇచ్చేయండి మేడం, ఈడనే మింగేస్తా" అన్నా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ మందు ఆ కాపలానే తగ్గిస్తుంది. లోపల టీబీ దాక్కుని ఉంటే అది లేచి కూర్చుంటుంది. అది లేదని తేల్చుకోకుండా ఇవ్వకూడదు."

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చ మాదిరి కనపడింది. పాతదో కొత్తదో తెలీదన్నారు. ఎడమ ముంజేతికి సన్న సూదొకటి వేసినారు. అక్కడ గట్టిగా వాస్తే టీబీ అనుమానమంట. రుద్దొద్దు, గోకొద్దు, మూడోనాడు వచ్చి చూపించమన్నారు. ఇదంతా మేడం లోపల నాకు చెప్పింది. మా అమ్మ అప్పుడు బయట చెప్పులకూ సంచికీ కాపలా కూర్చోని ఉండాది. బయటికొచ్చి నేను ఆమెకు "సూదేసినారు, మళ్ళా రమ్మన్నారు" అని మాత్రం చెప్పినా. టీబీ అనే మాట నా నోటితో పలకను భయమేసింది.

మదనపల్లెదాకా పోయి రావడమెందుకని పుంగనూరులో అమ్మింట్లోనే దిగినా. ఆమె ఉడుకునీళ్ళు పోసింది, మోకాళ్ళకు ఆముదం రుద్దింది, సంగటి చేసి తానే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. నొప్పి మాత్రేసుకొని మత్తుగా పండుకున్నా. తెల్లారి లేస్తే సూదేసిన చోట ఒకటే మంట. ఎర్రగా దద్దురు లేచి, సన్నసన్నగా బొబ్బలు గూడా ఉండాయి.

"అమ్మా, ఇది సూడే" అన్నా.

ఆమె చూసి మొగం పక్కకు తిప్పుకొనింది. "సూది కదా, అట్లనే ఉంటాదేమో" అనింది. ఆ రోజంతా దొడ్లోనే ఏదో పని పెట్టుకొని తిరిగింది. నా భయంలో నేనుండా, పట్టించుకోలేదు.

మూడోనాడు కుప్పంలో నర్సమ్మ ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలిచి మేడాన్ని పిలిచింది. మేడం చెయ్యి వెలుతురుకు తిప్పి చూసింది. "దీని మీద ఏమైనా పూశారా?"

"ఏమీ లేదు మేడం" అన్నా. నాకు తెలిసినంతలో అది నిజమే. మా అమ్మ ఈసారి నా పక్కనే, కొంగు నలపతా నేల చూస్తా నిలబడి ఉండాది.

"చాలా వాచింది. టీబీ అనుమానం పడాల్సిందే. మీ మదనపల్లెలోనే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. ఆయన సరే అనేదాకా నేను ఈ మందు మొదలుపెట్టలేను" అనింది మేడం.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏందో ఆ పొద్దు తెలిసింది. తిరుగు బస్సులో మా అమ్మ కిటికీ దిక్కు తిరిగి కూర్చొనింది. పుంగనూరు వస్తానే దిగిపోయింది. ‘జాగర్త’ అని గూడా అనలేదు.

ఉగాది మొదలు ఎండలు పోయేదాకా

మదనపల్లె గాలికి టీబీ మాన్తాదని ఒకప్పుడు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఈడ ఉండిపోయేవాళ్ళంట. ఆ గాలే పీలుస్తా కాపరం చేసే నాకు టీబీ అంట! నవ్వొచ్చే మాటే. ఎవరికన్నా చెప్పుకొని నవ్వుదామంటే ఎవరికీ చెప్పుకోలేని పేరది.

ఊపిరితిత్తుల డాక్టరు పెద్దాయన, నెమ్మది మనిషి. పొద్దన్నే కళ్ళె తెమ్మని డబ్బా ఇచ్చినారు. దగ్గే లేని మనిషికి కళ్ళె యాడినుంచి వస్తాది? దొడ్లో నిలబడి దగ్గి దగ్గి కడుపులో పేగులు నోట్లోకొచ్చినాయి. ఎట్లనో తీసుకుపోయి ఇస్తే, దాంట్లో పురుగు పెరుగుతాదా లేదా అని వారాల తరబడి చూడాలన్నారు. విత్తనమేసి, అది మొలవకూడదని దేవునికి మొక్కుకున్నదాన్ని ఈ మండలంలో నేనొక్కదాన్నే ఉంటా.

నొప్పి మాత్ర ఒకటే మందు. అసలు మందు కుప్పంలో ఉండాది, నేను మదనపల్లెలో ఉండా, నడాన నా వేళ్ళు ఉండాయి. రవికె హుక్కులు పెట్టేది మా ఆయన పనయింది. జరీ పువ్వు ఒక్క పోగు తప్పకుండా తీసే మనిషి, హుక్కు పెట్టను తల కిందులైపోయినాడు. మొదట్లో ఇద్దరికీ సిగ్గే. తర్వాత "మగ్గమైతే నోరు మూసుకొని ఉంటాది, ఇదేందే ఒకపక్క తిడతానే ఉంటాది" అని ఆయన ఎగతాళి చేస్తే నేనూ నవ్వేదాన్ని. సంగటి గూడా ఆయనే కెలికినాడు. అన్నీ ఉండలే. నోరు మూసుకొని తిన్నా.

కానీ నవ్వులు ఎంతసేపు? ఒక మాపటేల ఆయన మగ్గం దిగి వచ్చి, "ఇంగెన్నాళ్ళే ఇది? ఇంకో డాక్టరు కాడికి పోదాం. టీబీ సంగతి సెప్పొద్దు. ఎవురో ఒకరు మందిస్తారు" అన్నాడు.

"అది లోపల లేచి కూర్చుంటే?"

"సేతులు పోతాండాయే నీకు!"

"సేతులు పోతే నేను పోను. అది లేస్తే నేను పోతా. నా బిడ్డను ఎవురు సూస్తారు, నువ్వా? ఉండల సంగటి పెట్టి సంపేస్తావు!" అని అరిచినా. ఆయన గమ్మున మళ్ళా మగ్గం ఎక్కినాడు. ఆ రోజు ఆయన నేసింది గుడ్డో గోనెపట్టో ఆ దేవునికే తెలియాల. ఇద్దరికీ ఉండేది భయమే. నాది నోట్లోనుంచి వస్తాది, ఆయనది మగ్గం తొక్కే కాళ్ళలోనుంచి వస్తాది, అంతే తేడా.

నా పాప హేమ ఐదో తరగతి. నాకు దగ్గు లేదు కాబట్టి నానుంచి ఎవరికీ రాదని డాక్టరు గట్టిగా చెప్పినాడు. చెవులు విన్నాయి, మనసు వినలేదు. ఎవురూ అడగకుండానే నేను అన్నం తినే తట్ట, నా గ్లాసు పక్కన పెట్టుకున్నా. పుట్టినప్పటినుంచీ నా పక్కన పండుకునే పిల్లను "ఉక్కగా ఉండాది, నాయన పక్కన పండుకో" అని పంపించినా.

"యాల మా? నామీద కోపమా?" అని అడిగింది.

కాదని చెప్పి దగ్గరికి తీసుకోవాల కదా. తీసుకోలేదు. చెయ్యి చాపితే నొప్పి, తీసుకుంటే భయం. పిల్ల దుప్పటి ఈడ్చుకుంటా పోయింది.

ఆ నెలల్లో అన్నిటికంటే నన్ను కోసింది మాత్రం మా అమ్మ. పుంగనూరు నుంచి మదనపల్లె ఎంత దూరం? గంట గూడా పట్టదు. ఉగాదికి రాలేదు. ఎండల్లో రాలేదు. ఫోను చేస్తే ఒకసారి మోకాళ్ళంటాది, ఒకసారి పొరుగింట్లో పెండ్లంటాది. నా చేతులెట్ల ఉండాయని అడుగుతాది, నేను చెప్పేలోపలే పెట్టేస్తాది. నాకు అర్థమయిపోయింది. టీబీ అని మేడం నోట విన్నప్పటినుంచే ఆమె మొగం తిప్పుకొనింది. తట్ట నేనే పక్కన పెట్టుకున్నా సరే, కన్నతల్లి నన్నే పక్కన పెట్టేసిందే అని కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు నోరు ఆగలేదు. "నా రోగం అంటుకుంటాదని కదా రావడం లేదు నువ్వు?" అనేసినా.

ఆ పక్క ఊపిరి వినపడింది. ఫోను పెట్టేసింది.

పొద్దన లేస్తానే రెండు పట్టుపోగులు తీసుకొని, వేలికి బూడిద అద్దుకొని తిప్పి చూసుకునేదాన్ని. ఉగాదికి పదింటిలో ఒకటన్నా అతికేది. ఎండలు ముదిరేసరికి పోగు వేళ్ళ నడాన ఉండాదో లేదో గూడా తెలీలేదు. కుడిచేతి చూపుడువేలు నడిమి కణుపు కాడ వంగి, నేను ఎంత సాగదీసినా అట్లనే నిలిచిపోయింది. కుప్పంలో బల్ల మీద ఆమె వాలిపోయిన వేళ్ళే కళ్ళ ముందర ఆడేవి. మగ్గాలోళ్ళు ఇంకెవరినో పిలుచుకుంటా ఉండారు. నాకు కోపం రాలేదు. భయమే అన్ని చోట్లా నిండిపోయి ఉండాది, కోపానికి చోటు లేదు.

ఏరువాక

వానలు మొదలైనాక కళ్ళె రిపోర్టు వచ్చింది. పురుగు మొలవలేదు. మొక్కుకున్నది తీరిందని ఎగిరి గంతేద్దామంటే డాక్టరు ఇంకా రిపోర్టులే చూస్తా ఉండాడు. "చేతి మీద వాపు మరీ ఎక్కువ వచ్చిందమ్మా. ఎక్స్‌రేలో మచ్చ కూడా ఉంది. లోపల నిద్రపోతున్న టీబీ ఉండొచ్చు. దానికి కొన్ని నెలలు మాత్రలు వాడాలి. అవి కొంతకాలం వాడినాకనే కీళ్ళ మందు. కాలేయం పరీక్ష రేపు వస్తుంది, రేపు మొదలుపెడదాం" అన్నాడు.

ఇంకా నెలలు! ఇంటికెట్ల వచ్చినానో తెలీదు. మా ఆయన పుంగనూరుకు ఫోను చేసి, "రేపు టీబీ మాత్రలు మొదలుపెడతారంట అత్తా. కీళ్ళ మందు ఇప్పట్లో లేదంట" అని చెప్పినాడు.

మరుసటి పొద్దన మేము పోయేసరికి మా అమ్మ ఆస్పత్రి గేటు కాడ నిలబడి ఉండాది. సగం మనిషైపోయింది. రవికె భుజాల మీద వేలాడతా ఉండాది. "వచ్చినావా ఇప్పుడన్నా" అని దాటుకొని పోయినా. ఆమె నా ఎనకనే వచ్చి, పిలవకుండానే డాక్టరు గదిలోకి గూడా వచ్చేసింది. డాక్టరు మాత్రలు రాయబోతాండాడు.

"సారూ, రవ్వంత ఆగండి. ఆ వాపు నా బిడ్డది కాదు సారూ. నాది."

డాక్టరు తలెత్తినాడు. "అంటే ఏందమ్మా?"

మా అమ్మ చేతులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి నలుపుకుంటా చెప్పింది. "సూదేసిన నాటి రేత్రి ఈ పిల్ల సేతుల నొప్పికి నిద్దట్లో గూడా మూలగతా ఉండింది. సూడలేకపోయినా. దొడ్డెనక జిల్లేడాకులు కోసకొచ్చి, ఆముదం పూసి, పెనం మీద ఎచ్చజేసి రెండు సేతులకూ కట్టినా. మా అమ్మ నాకు కట్టేది, నేను నా మోకాళ్ళకు కట్టుకుంటా. పచ్చాకులు, పాలు కారినాయి. ఆ సూదేసిన సోట గూడా పడినాయి. అది నొప్పికేసిన సూది అనుకున్నా సారూ, ఇంకోటని నాకు యాడ తెలుసు? తెల్లారకముందే ఇప్పి పారేసినా, ఇది సూస్తే అరుస్తాదని. పొద్దన బొబ్బలెక్కి ఉండాయి."

నేను కుర్చీలోనే మా అమ్మ దిక్కు తిరిగినా.

"మరి ఆ పొద్దు మేడం అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు డాక్టరు.

"సెప్పాలనే నోరు తెరిసినా సారూ. అంతలోనే ఆ మేడం టీబీ అనేసింది. నా ప్రాణం ఆడనే పోయింది. నా ఆకు పాలు ఆ సూది రంద్రంలోకి పోయి, లోపల టీబీ అయిందనుకున్నా. నా బిడ్డకు నేనే రోగం పెట్టినా అనుకున్నా. ఇన్ని నెల్లూ అదే అనుకుంటాండా. ఈ పొద్దు ఆ మాత్రలు గూడా మొదలుపెడతారనేసరికి ఇంగ ఉండలేకపోయినా. నన్నేమన్నా సేసుకోండి."

డాక్టరు కలం కింద పెట్టినాడు. తిట్టలేదు. నా ముంజేయి తీసుకొని చూసినాడు. సూదేసిన చోటు చుట్టూ, చాలా దూరందాకా, చర్మం రవ్వంత నల్లబడి ఉండాది. ఇన్నాళ్ళూ నా కంటికి అది కనపడనేలేదు. "అమ్మా, ఆకు వల్ల టీబీ రాదు" అన్నాడు.

"రాదా సారూ?"

"రాదమ్మా."

"సత్తె పెమాణంగా రాదా?"

"రాదు. కానీ ఆ పాలకు చర్మం వాస్తుంది. ఆ వాపును మేము టీబీ వాపు అనుకున్నాం. రక్తంతో చేసే పరీక్ష ఒకటి ఉంది, బెంగళూరు పంపిద్దాం. దానికి చేతి మీద ఏం పూసినా సంబంధం లేదు. అది వచ్చేదాకా ఈ మాత్రలు వద్దు." కుప్పం మేడానికి ఆయనే ఫోను చేసి చెప్పినాడు.

బయటికొచ్చినాక నా నోరు తెరుచుకొనింది. కొండనాలుకకు మందేస్తే ఉండే నాలుక ఊడిందంటారే, అది నా ఇంట్లోనే జరిగింది! నడవాలో జనమంతా చూస్తాండారని గూడా లేదు. "ఇన్ని నెలలు! ఒక్క మాట సెప్పింటే ఏం పోయిండేది నీకు? నా పిల్లను దూరం పెట్టుకున్నా. తట్ట ఏరే పెట్టుకున్నా. సూడు, ఈ ఏలు సూడు, ఇది సాగదు ఇంగ!" అని వంగిన వేలు ఆమె కళ్ళ ముందర పెట్టినా. మా ఆయన "ఊరుకోవే, ఊరుకో" అంటాండాడు. మా అమ్మ ఆ వేలునే చూస్తా నిలబడింది.

"నేను రాకపోయింది నీ రోగానికి బయపడి కాదు అమ్మణ్ణీ. నీ మొగం సూసే మొగం నాకు లేక" అనింది.

మా ఆయన టీ తెచ్చినాడు. గాజు గ్లాసు నా చేతిలో నిలవలేదు. మా అమ్మ తీసుకొని ఊది ఊది నా నోటికి పెట్టింది. కోపం తగ్గలేదు గానీ తాగినా. మా అమ్మ మీదనా నాకు పంతం?

ఆషాఢం

బెంగళూరు నుంచి రక్తం రిపోర్టు కోసం ఇంట్లో అందరం దినాలు లెక్కపెట్టినాం. ఏమీ లేదని వచ్చింది. ఆ మచ్చ పాత నిమ్ము గుర్తేనని డాక్టరు తేల్చినాడు. ఆ రోజే నా తట్ట తీసుకుపోయి అందరి తట్టల్లో కలిపేసినా. హేమను పక్కలో వేసుకొని పండుకున్నా. పిల్ల కాలు నా మణికట్టు మీద పడి ప్రాణం పోయినా తీయలేదు.

కుప్పం మేడం మందు చేతిలో పెట్టింది. "వారానికి ఒక్క రోజేనమ్మా. రోజూ కాదు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది" అని నాచేత మళ్ళీ చెప్పించుకొనింది. ఇంట్లో మా ఆయన ఆ డబ్బాలో చీటీ తీసి పెద్దగా చదవతా పోయినాడు: కాలేయం, నోటిపూత, జుట్టు రాలడం... "ఆపు సామీ!" అన్నా. ఇన్ని నెలలు ఏ మందు కోసం ఏడ్చినానో అది అరచేతిలో ఉంటే, మింగను భయం. పచ్చటి చిన్న మాత్ర. దాన్ని చూస్తా కూర్చున్నా.

మా అమ్మ ఎదురుగా గోడకానుకొని కూర్చోని ఉండాది. మాత్ర వేసుకునే రోజని తెలిసి, తొలిబస్సుకే వచ్చేసింది.

"ఏం జూస్తాండావు?" అన్నా.

"నువ్వు మింగు. సూసి పోతా."

మింగినా. ఆ మాపటేల కడుపులో తిప్పింది. వారాలు పోతాండాయి, వేళ్ళు కదల్లేదు. ‘లేటయిపోయింది, ఇంగ పని చేయదు’ అని లోపలొక గొంతు రోజూ చెప్తానే ఉండాది. ఆ గొంతును నమ్మొద్దండి. ఈ మందు నిదానంగా పని చేస్తాదని మేడం ముందే చెప్పింది, అయినా నేనే నమ్మినా. శ్రావణం పోయి వినాయకచవితి దాటినాక ఒక పొద్దన బ్రష్షు ఒంటిచేత్తో పట్టుకున్నా. సగం పళ్ళు తోమినాక గానీ నాకే తెలీలేదు.

ఇప్పుడు

మళ్ళా అతకను పోతాండా. ముందటి మాదిరి బిరీన కాదు. చూపుడువేలు సాగదు కాబట్టి నడిమివేలికి పని నేర్పించుకున్నా. ఊడిపోవడం లేదు. ప్రతినెలా రక్తం చూపించుకుంటా. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇప్పటికీ భయమే. అది పోదేమో.

ఇది చదివేవాళ్ళల్లో ఎవరి చేతులన్నా పొద్దన్నే బిగుసుకుంటా ఉంటే, చలికిలే అనుకోవద్దండి. డాక్టరు ఆగమంటే యాల ఆగాలో అడగండి, ఇంట్లో అందరికీ అర్థమయ్యేట్టు చెప్పమనండి. సూది యాలకేసినారో మీ అమ్మకు గూడా చెప్పండి. ఆకు కట్టినా, పసరు పూసినా, ఏం చేసినా డాక్టరు కాడ దాచొద్దండి. తిడితే తిట్టనీండి.

మొన్న మా అమ్మ వచ్చింది. నేను బియ్యం ఏరతా ఉంటే నా కుడిచెయ్యి తీసుకొని ఒళ్ళో పెట్టుకొనింది. ఆ వేలును మెల్లగా సాగదీసి చూసింది. అది సాగలేదు.

"ఇది నా వల్లనే కదా?" అనింది.

ఇదే మాట నేను కుప్పం మేడాన్ని అడిగి ఉండా. ‘శివరాత్రికే మందు పడి ఉంటే ఈ వేలు నిలిచి ఉండేదేమో. చెప్పలేను’ అని ఆమె అనింది. కార్తీకంలో, మాఘంలో ఆ వేలు నిటారుగానే ఉండింది. అది వంగింది ఆ ఎండల్లోనే. నాకు తెలుసు.

"కాదు మా. అది కుప్పం పోకముందే వంగిపోయింది. ఆ పొద్దు కోపంలో ఏందో అనేసినా" అన్నా.

"నామీద ఒట్టు పెట్టి సెప్పు."

మా పక్క ఒట్టంటే ఆట కాదు. దొంగ ఒట్టు పెడితే ఎవరి తల మీద పెట్టినామో వాళ్ళకు కీడంటారు. నాకు ఇట్లాంటివాటికి భయం ఎక్కువ. అయినా ఆమె నెత్తి మీద ఆ చెయ్యే పెట్టినా, ఆ వంకర వేలితోనే. "నీమీద ఒట్టు" అన్నా. ఆమె పెద్ద ఊపిరొకటి విడిచి, బియ్యం చాట తన ఒళ్ళోకి లాక్కొని ఏరడం మొదలుపెట్టింది. ఎన్నో నెలల తర్వాత ఆ పొద్దు కడుపునిండా తినింది.

మా అమ్మకు చదువు రాదు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాసినా. చదివినోళ్ళు ఎవరన్నా పుంగనూరు పోయినప్పుడు మునెమ్మ తగిలితే, కూతురి వేలు సంగతి అడిగితే, అది ముందే వంగిపోయిందంట అని చెప్పండి.